బొట్టు పెట్టి పిలిచే మేనత్త

ఇప్పుడు పెళ్ళి పిలుపులన్నీ ఫోన్‌కే వస్తున్నాయి. ఒక్కొక్కటి తెరిచినప్పుడల్లా వర్ని ఊళ్ళో ఉండే మా మేనత్త గుర్తొస్తుంది. మా వాళ్ళలో ఎవరింట పెళ్ళయినా కుంకుమ భరిణె పట్టుకుని, గడప గడపకూ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచేది ఆమే. పెళ్ళివారితో మాటలు లేని వాళ్ళింటికే ముందు పోయేది. ఎందుకని అడిగితే, "అలిగినోళ్లే మన తొవ్వ సూస్తుంటరు బిడ్డా" అనేది.

నా కూతురి పెళ్ళికి నిజామాబాద్‌లో ఫంక్షన్ హాల్ మాట్లాడి, అందరికీ ఫోన్‌లోనే కార్డు పంపాను. మూడేళ్ళుగా నాతో మాట్లాడని అక్కకూ అంతే. పెళ్ళి పనులకని వచ్చిన మేనత్తకు ఆ సంగతి తెలిసింది.

"తోడబుట్టినదానికి బొట్టు వెట్టవా?" అని భరిణె నా చేతిలో పెట్టింది. ఇద్దరం అక్క ఉండే బోధన్‌కు బస్సెక్కాం.

అక్క తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. నేను గడప బయటే ఆగిపోయాను. అత్త నా మోచేయి తట్టింది. నేను కుంకుమ తీయగానే అక్క నుదురు ముందుకు వంచింది.

"పెండ్లి ఎన్నడే చెల్లే?" అని అడిగింది.

కార్డు ఆమె ఫోన్‌కు పది రోజుల కిందటే చేరింది. అయినా అన్నీ మొదటి నుంచి చెప్పాను.