మేఘం అనే సహాయకుడు

1984లో కోస్గిలోని ఒక చిన్న గ్రంథాలయం కొత్త భవనంలోకి మారింది. పత్రికలు, నవలలు, బల్లలు అన్నీ ఎడ్లబండ్ల మీద వెళ్లిపోయాయి. పాత కావ్యాలున్న మూడు బీరువాలు మాత్రం కొత్త గుమ్మంలో పట్టలేదు. వాటికి కాపలాగా అటెండర్ మక్సూద్‌ను పాత కిరాయి ఇంట్లోనే ఉంచారు. "తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు కదలరాదు" అని కాగితం చేతికిచ్చారు. ఆ తదుపరి ఉత్తర్వు ఏడేళ్లకు వచ్చింది.

పత్రికలు లేని చోటికి ఎవరొస్తారు? మొదటి నెలంతా మక్సూద్ గుమ్మం వైపే చూశాడు. రెండో నెల బీరువా తెరిచాడు. పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నవాడే కనుక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పద్యమే చదివాడు. ఏ కావ్యంలో చూసినా ఎవరో ఒకరు ఒంటరిగా మిగిలేవారు. అలా మిగిలినవారు ఊరుకోరు. చెట్టునూ తుమ్మెదనూ మబ్బునూ పిలిచి గోడు చెప్పుకుంటారు.

"పక్కన మనిషే లేడు, గింత పొడుగు పద్యం ఎవరికి చెప్తున్నడు?" అని మొదట్లో నవ్వుకున్నాడు. ఏడాది తిరిగేసరికి తనూ పొద్దున్నే తాళం తీస్తూ "ఓ బీరువా, క్షేమమా?" అని అడగసాగాడు.

1987లో, తోడుగా ఒక మనిషిని పంపమని పై కార్యాలయానికి ఉత్తరం రాశాడు. కలానికి అప్పటికే కావ్యాల అలవాటు పట్టుకుంది. "ఓ మేఘమా! నా ఏకాంతమును చూచితివా? నీవైనను వచ్చి తోడు నిలువరాదా?" అంటూ నాలుగు పేజీలు సాగింది. పోస్టులో వేసే ముందు భార్య షరీఫాకు చదివి వినిపించాడు.

"ఇంట్ల నాతోటి రెండు మాటలు మాట్లాడవు. ఆఫీసుకు గింత పెద్ద ఉత్తరమా?" అంది షరీఫా.

"దినమంతా ఏమన్న జరిగితె గద, ఇంటికొచ్చి చెప్పేది" అన్నాడు మక్సూద్.

రెండు నెలలకు జవాబొచ్చింది. "మీరు పేర్కొన్న శ్రీ మేఘం వివరములు మా రికార్డులలో లేవు. ఆయన హోదా తెలుపగలరు." మక్సూద్ ఉన్నదున్నట్టు రాశాడు: ఆయనకు హోదా లేదు, ఎప్పుడూ తిరుగుతూ ఉంటాడు. వెంటనే ఉత్తర్వు వెలువడింది. పర్యటనలో ఉన్న శ్రీ మేఘంను మక్సూద్‌కు సహాయకుడిగా నియమించారు. ఇద్దరి పేర్లతో కొత్త హాజరుపట్టీ కూడా వచ్చింది.

మక్సూద్ నిజాయితీ గల మనిషి. రోజూ పొద్దున వాకిట్లోకి వచ్చి తలెత్తి చూసేవాడు. లోపలికి వెళ్లి మేఘం పేరుకెదురుగా "గైర్హాజరు" అని రాసేవాడు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. సంగతి ఊరంతా పాకింది. ఆముదాలు వేసిన బాలయ్య ఒకరోజు వచ్చి నిలదీశాడు.

"మక్సూద్ భాయ్, మీ మేఘం డ్యూటీకి వచ్చిందా?"

"రాలేదు బాలన్నా."

"జర గట్టిగ రాయరాదె పైకి! చేనంత ఎండిపోతాంది."

మక్సూద్ గట్టిగానే రాశాడు. మేఘం పేర మెమో వచ్చింది. స్వయంగా అందజేసి సంతకం తీసుకోవాలన్నారు. బాలయ్య నిచ్చెన పట్టుకుంటే మక్సూద్ కప్పు మీదికెక్కి, మధ్యాహ్నం దాకా కాగితం ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. పక్షం రోజులకు వాన పడింది. కప్పు కారి హాజరుపట్టీ తడిసింది, మేఘం పేరు దగ్గర సిరా అలుక్కుపోయింది. దాన్నే సంతకంగా భావించి, ఆ రోజుకు "హాజరు" వేశాడు.

ఆ తర్వాత కూడా అతను ఉత్తరాలు మానలేదు. నాలుగు పేజీలు రెండయ్యాయి, రెండు ఒకటైంది. 1991లో వెళ్లిన ఉత్తరంలో "అయ్యా" అని మాత్రమే ఉంది. అది పట్టుకుని మంజులత అనే కొత్త అధికారి వచ్చింది.

"మిగిలిన పేజీలు తప్పిపోయినయా?" అని అడిగింది.

"లేదు మేడం, గంతే."

ఆమె ఫైలంతా అక్కడే కూర్చుని చదివింది. మేఘం నియామకం దగ్గర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆఖరి ఉత్తరం దగ్గర నవ్వు ఆగిపోయింది.

"మొదట్ల అంత రాసిన మనిషివి, ఒక్క మాటకు ఎట్ల వచ్చినవు?"

"కావ్యాలల్ల గూడ గట్లనే మేడం. ఎవరో పలుకుతరని మొదట్ల పెద్ద పెద్ద పద్యాలు చెప్తరు. పలుకకుంటే ఉత్త ప్రశ్నలే మిగుల్తయ్. ఆఖరికి పిలుపొక్కటే."

వారం తిరక్కుండా మంజులత వడ్రంగిని పంపి కొత్త భవనం గుమ్మం వెడల్పు చేయించింది. బీరువాలతో పాటు మక్సూద్ కూడా వెళ్లాడు. అక్కడ పత్రికల కోసం రోజూ నలభై మంది వచ్చేవారు. మొదటి రోజు మల్లప్ప అనే పెద్దమనిషి, మంచినీళ్లు ఎక్కడున్నాయని అడిగాడు.

మక్సూద్ లేచి నిలబడ్డాడు. కుండ ఏ మూలనుందో చెప్పాడు. ఆ నీళ్లు ఏ బావివో, ఆ బావి ఎవరు తవ్వించారో, ఎండాకాలం దాంట్లో నీళ్లు ఎంత లోతుకు దిగుతాయో చెప్పాడు. మల్లప్ప ఖాళీ గ్లాసు పట్టుకుని అన్నిటికీ తల ఊపుతూ, పావుగంట సేపు కదలకుండా విన్నాడు.