ఎర్తు కాని ఎర్తు

మైకుసెట్టు నాగూర్ మీరాని మా అనకాపల్లిలో మొండిఘటం అనేవారు. నేనూ అన్నాను, ఆయన ఎదుటే. బెల్లం మార్కెట్ వెనక చిన్న కొట్లో రేడియోలు బాగుచేసేవాడు, పెళ్ళిళ్ళకీ నాటకాలకీ మైకులు కట్టేవాడు. పనిలో ఆయనకి ఒకటే మంత్రం: ఎర్తు వైర్లన్నీ ఒకచోట కలిపి కట్టాలి. లేకపోతే స్పీకరు బాక్సు బుయ్యిమంటుందని అడిగినవాడికీ అడగనివాడికీ క్లాసు పీకేవాడు.

అరవై తొమ్మిదిలో మా పద్యనాటకం హార్మోనిస్టు సింహాచలం కుడిచెయ్యి చెరకు గానుగలో పడింది. రెండు వేళ్ళు మిగిలాయి. మా కాంట్రాక్టరు త్రినాధరావు కొన్నాళ్ళు ఓపిక పట్టి, రాజమండ్రి నుంచి వేరే మనిషిని పిలుస్తానన్నాడు. హార్మోనియం తప్ప సింహాచలానికి వేరే బతుకు తెలీదు. ఆ మాట విన్నాక కంచం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయేవాడు. అది చూసి, అతనితో బావా బావా అని పిలుచుకునేంత స్నేహమున్న మీరాకి కోపం వచ్చింది. కోపం వస్తే ఆయన తిట్టడు, ఏదో ఒకటి తయారుచేస్తాడు.

టేకు పెట్టె మీద ఎలక్ట్రిక్ పొయ్యి తీగ సాగదీసి కట్టాడు. ఇత్తడి తొడుగు వేసిన ఒక్క వేలు దాని మీద జరిపితే చాలు, స్వరం పలికేది. పనంతా లోపలున్న బఠాణీ గింజంత ఐసీది. విశాఖపట్నం రేవులో ఓడల రేడియోలు చూసే తమ్ముడు ఆదం ఇచ్చింది అదొక్కటే. పోతే ఇంకోటి దొరకదు.

ఆ ఐసీకి సున్నాకి పైన ప్లస్సు, కింద మైనస్సు, రెండువైపులా కరెంటు ఉండాలి. మైకుసెట్టు నడిపే కారు బ్యాటరీకి ఉన్నవి రెండే కొసలు. అందుకని మీరా రెండు రెసిస్టెన్సులు పెట్టి పన్నెండు వోల్టుల్ని సగానికి విడదీశాడు. ఆ నడిమి చోటుని సున్నా అనుకుని, దానికి ఎర్తు అని పేరు పెట్టాడు. కొట్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటే బ్రహ్మాండంగా పలికింది.

మాడుగులలో నాటకానికి ముందురోజు మధ్యాహ్నం, బెల్లం గోదాములో ట్రయల్ పెట్టారు. త్రినాధరావు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఇది పలక్కపోతే రాజమండ్రాయన్ని పిలిసేత్తాను. మళ్ళీ నన్నేటీ అనొద్దు," అన్నాడు.

మీరా పెట్టెకీ యాంప్లిఫయరుకీ ఒకే కారు బ్యాటరీ ఇచ్చాడు. అలవాటు కొద్దీ ఎర్తులన్నీ కలిపి కట్టేశాడు. సింహాచలం తీగ మీద వేలు పెట్టగానే స్విచ్చి వేశాడు. బాక్సు టప్పుమని ఊరుకుంది. పెట్టెలోంచి కమురు వాసన, వెనకే సన్నటి పొగ వచ్చాయి.

"ఐసీ పోయిందేటి బావా?" అన్నాడు సింహాచలం.

మీరా వైర్లు పీకేసి మూత విప్పాడు. త్రినాధరావు లేచి కండువా దులిపాడు.

"వైరింగు తప్పేటయ్యా?"

"ఎర్తులన్నీ సరిగ్గానే కలిపేనండి," అని చటుక్కున ఆగిపోయాడు మీరా. తర్వాత సింహాచలం వైపు తిరిగాడు. "ఓరి నా బుర్ర. ఇది ఎర్తు కాదు బావా. ఆ పేరెట్టింది నేను. ఇది ఆరు వోల్టుల మీద ఉండాల్సిన సోటు. యాంప్లిఫయరు ఎర్తేమో అదే బ్యాటరీ మైనస్సు. రెండూ కలిపేసి సగం కరెంటు సంపేసేను."

కాలింది పై రెసిస్టెన్సు. ఐసీ బతికుందో లేదో చూస్తే తెలిసేది కాదు. మళ్ళీ కరెంటు ఇవ్వాల్సిందే.

త్రినాధరావు గుమ్మం వైపు నడిచాడు. సింహాచలం బతిమాలలేదు. కుర్చీ తీసుకెళ్ళి ఆయన ముందు వేసి, దాని పక్కనే నిలబడ్డాడు. ఏమనుకున్నాడో, ఆయన కూర్చున్నాడు.

మీరా మా అందరి టార్చిలైట్లూ విప్పించి బ్యాటరీలు లాక్కున్నాడు. నాలుగు ఒక వరస, నాలుగు ఒక వరస. ఈసారి ఆ రెండు వరసలూ కలిసిన చోటే నడిమి సున్నా. కారు బ్యాటరీ యాంప్లిఫయరుకి మాత్రమే. ఇప్పుడు ఎర్తులు కలిపినా ప్రమాదం లేదు. ఆఖరి వైరు తగిలించాడు.

"కానీ బావా," అన్నాడు మీరా.

ముందు గరగరమంది. తర్వాత షడ్జమం నిలబడింది. సింహాచలం వేలు మెల్లగా పైకి జారింది, స్వరం తెగకుండా దానితోపాటే జారింది. హార్మోనియం మీద అలాంటి జారుడు మేమెప్పుడూ వినలేదు. నాకు ఆనందంతో ఒళ్ళు పులకరించింది.

త్రినాధరావు చాలాసేపు విన్నాడు. "రేపు మైకులో ఏటని సెప్పమంటావు? ఈ పెట్టి పేరేటి?" అని మీరాని అడిగాడు.

"పెట్టికి పేరెందుకండి. హార్మోనియం సింహాచలం అనే సెప్పండి, ఎప్పుడూ సెప్పినట్టే."

సింహాచలం తలెత్తలేదు. వాయిస్తూనే ఏడ్చాడు.