ఒంటిచేతి గోల్ఫు కర్ర

మా బావ వికారాబాదులో బండిచక్రాలు, నాగళ్లు చేసేవాడు. పందొమ్మిది వందల యాభైల నడుమ ఒకరోజు తాండూరు రాతిగని మేనేజరు సాబు విరిగిన గోల్ఫు కర్ర తెచ్చి, తన ఎత్తుకు సరిపోయే కొత్తది చేసిపెట్టమన్నాడు. అంతే, బావకు పిచ్చి పట్టింది. మోమిన్‌పేట్ రైతులు చక్రాల కోసం వస్తే, "గిప్పుడు గోల్ఫు కర్రలే చేస్తున్న, జర ఇంకోతాన చూసుకోరి" అని పంపించేశాడు.

పత్రికకు వార్తలు రాసే నాకు ఇంట్లో వార్తలు మోసే పని కూడా ఉండేది. కోపమొస్తే అక్క బావతో నా ద్వారానే మాట్లాడేది.

"తమ్మీ, మీ బావకు చెప్పు. సాబు కర్ర తీసుకుంటే ఆయనిష్టం. వద్దన్నడా, తెల్లారి చక్రాల కాడ కూసోవాలె."

"సరేనని చెప్పు మీ అక్కకు," అన్నాడు బావ, ఆమె పక్కనే నిలబడి.

నాగలి పట్టుకునే మేడికి రైతును కొలిచినట్టే, సాబు వచ్చిన రోజే అతన్ని నడుము దాకా కొలిచి పెట్టుకున్నాడు బావ. తునికి చెట్టు మొద్దు చెక్కి కర్రకు తల చేశాడు, అందులో సీసం పోశాడు, పిడికి మేకతోలు చుట్టాడు. కర్ర తీసుకుని అక్క, బావ, నేను తాండూరు రైలెక్కాం.

"గిది దేనికన్నా? పాములు కొట్టనీకా?" అన్నాడు పక్కాయన.

"చిన్న బంతిని దూరం కొట్టనీకి," అన్నాడు బావ.

"కొట్టినంక?"

"ఆడిదాంక పోయి మళ్ల కొడ్తరు."

పెట్టెంతా నవ్వింది. అందరికంటే గట్టిగా బావే నవ్వాడు.

గని పక్క మైదానంలో సాబు కర్ర పట్టుకున్నాడు. ఎడమచెయ్యి తోలు మీద కుదిరింది. కుడిచెయ్యి ఉత్త చెక్క మీద జారిపోయింది. రైతు మేడిని ఒక్క చేత్తోనే పడతాడు. రెండో చేతిలో ఎడ్లను తోలే ముల్లుకర్ర ఉంటుంది. బావ ఆ అలవాటుతోనే ఒక్క చేతికి సరిపడా తోలు చుట్టాడు.

"రెండో చెయ్యి ఏడ పెట్టాలె?" అన్నాడు సాబు.

"ఎడ్లను అదిలియ్యాలె సాబ్," అని నాలుక కరుచుకున్నాడు బావ.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాబు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఆ నవ్వులోనే ఒంటిచేత్తో ఊపి కొట్టాడు. బంతి రాళ్లగుట్ట దాటి కందిచేలో పడింది.

"కర్ర నాదే! ఇంకోచేతికి గూడ తోలు చుట్టు. మా తమ్మునికి ఇంకోటి చెయ్యి."

అక్క ముందుకొచ్చి సాబు చేతిలోంచి కర్ర తీసుకుంది.

"తమ్మీ, మీ బావకు చెప్పు. ఇగ తోలు చుట్టుడు నా పని. ఈయనకు మేడి తప్ప ఏం తెల్వది."

చెబుదామని చూస్తే, బావ బంతి కోసం కందిచేలో ఎగురుకుంటూ పరుగెడుతున్నాడు.