వంకరగా ఆపిన కారు

మా మేనత్త పోయింది. గోపాలపట్నంలో ఇంటి ముందు కారు ఆపి, లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని మావయ్యను మంచినీళ్ళు అడిగిందట. ఆయన తెచ్చేలోపే అయిపోయింది. చర్చివాళ్ళొచ్చి, ప్రభువు పిలుచుకున్నాడన్నారు. పని మధ్యలో ఉన్న మనిషిని పిలవడమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఎలక్ట్రిక్ బళ్ళకు వైర్‌లెస్ చార్జర్లు తయారుచేసే చిన్న కంపెనీలో ఆమె నాకు పైఆఫీసరు. నేల మీద ఒక పలక, బండి అడుగున ఇంకొకటి. రెండింటిలోనూ రాగి తీగ చుట్టలు. వైరు తగిలించకుండానే కరెంటు కింది నుంచి పైకి చేరుతుంది. పలక ఎంత చిన్నదైతే అంత చవక. కానీ చిన్న పలకతో బండి సరిగ్గా దాని మీదే ఆగాలి. జానెడు పక్కకు జరిగిందా, వేడెక్కి ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది.

మొదటి పలకను వన్ టౌన్ ఆటోస్టాండులో పెట్టాం. ఒక డ్రైవరు ముందుకీ వెనక్కీ జరిపి జరిపి విసిగిపోయాడు. "ఎలగ పెట్టినా ఎర్ర లైటే వత్తంది మేడమ్. నాను బండి తోలాలా, దీనికి పూజ సెయ్యాలా?" అన్నాడు.

ఎలా ఆపాలో అతనికి చూపించబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "అతనికి నేర్పుతావేటే? పలకకి నేర్పు."

ఆ రోజు నుంచి ఆమె కారు తిన్నగా ఆపితే ఒట్టు. మీలో ఎవరికైనా ఆమె ఇల్లున్న ఇరుకు సందు తెలిస్తే పక్కింటివాళ్ళ కోపం అర్థమవుతుంది. ఇంటి ముందు, కారు కింద నేల మీద కొత్త పలక, అందులో కాస్త ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన రెండు చిన్న చుట్టలు. వంకరగా ఆపినా పనిచేసేది, కానీ బ్యాటరీ సగం నిండేసరికి వేడెక్కి ఆగిపోయేది. అత్త వంగి, పిల్లల జ్వరం చూసినట్టు చేతి వెనకవైపు దాని అంచుకు ఆనించి, "ఇంకా ఉంది" అనేది. మళ్ళీ కొత్తది చుట్టి, రాయిలా గట్టిపడే రెజిన్ పోసి మూసేసేది.

"పలక పెద్దది చేసేద్దాం అత్తా, గొడవ వదిలిపోతుంది" అనేదాన్ని విసుగొచ్చి.

"పెద్దదైతే ఎవరైనా సేత్తారే."

"పోనీ, ఏం మారుస్తున్నావో రాసైనా పెట్టు."

"అయ్యాక రాద్దాంలే."

సమాధి చేసి వచ్చిన సాయంత్రం పక్కింటాయన గుమ్మంలోనే పట్టుకున్నాడు. "అమ్మాయ్, ఆ కారు తిన్నగా పెట్టీ. మనుసులు ఎల్లడానికి దారి లేదు." తాళాలు తీసుకుని వెళ్ళాను. కారు ఎప్పటిలాగే అడ్డంగా ఉంది. పలక మీద పచ్చ లైటు. బ్యాటరీ పూర్తిగా నిండింది.

పోయిన రోజు ఉదయం ఆమె ఏం మార్చిందో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే గట్టిపడ్డ రెజిన్ పగలగొట్టాలి. పగలగొడితే ఆ చుట్టలు మిగలవు. పనిచేసే పలక ప్రస్తుతానికి ఇదొక్కటే. ఒక్క ముక్క చెప్పి పోవచ్చు కదా అత్తా! పచ్చ లైటైనా చూసుకుని పోవచ్చు కదా!

ఆఫీసులో రోజూ అడుగుతున్నారు, ఇంకా పగలగొట్టలేదా అని. నేను రోజూ సాయంత్రం కారు తెచ్చి అక్కడే వంకరగా ఆపుతున్నాను. "నీకూ అదే జబ్బేటమ్మా?" అని పక్కింటాయన స్కూటరు గోడకు రాసుకుంటూ వెళ్తాడు. నేను వంగి, చేతి వెనకవైపు పలక అంచుకు ఆనిస్తాను. గోరువెచ్చగా ఉంటుంది. జ్వరం లేదు.