తూర్పుకు నడిచిన ఇల్లు

ఒటీలియా ఫెట్టిగ్ తన ఇంటిని అదిలించి నడిపించింది. ఎద్దును కాదు, గుర్రాన్ని కాదు, ఇంటినే. మూరెడు మందం మట్టిగోడలు, నెత్తిన గడ్డి మొలిచిన కప్పు, కడుపులో మండే పొయ్యి, మూల గంపలో గుడ్లు పొదుగుతున్న కోడి, అన్నీ ఎక్కడివక్కడ ఉండగానే ఆ ఇల్లు లేచి నిలబడి, తూర్పుగా నడిచి, ఆమె ఆగమన్నచోట ఆగి చతికిలబడింది. కోడి కన్ను కూడా తెరవలేదు. ఈ మాట నమ్మనివాళ్ళు డకోటాలో ఉంటే ఉండొచ్చు. వాళ్ళంతా చెక్క ఇళ్ళలో వణుకుతూ బతికేవాళ్ళు. మా మూల మీద మాత్రం అందరూ నమ్ముతారు, ఎందుకంటే ఆమె మరిది రోకుస్ కళ్ళారా చూశాడు. రోకుస్ అబద్ధం ఆడడు. పెళ్ళిళ్ళలో తప్ప.

అసలు ఒటీలియాకు కదలడమంటే గిట్టదు. ఆమె వంశంలో అందరినీ ఎవరో ఒకరు కదిపారు. ముత్తాతను జర్మనీలో ఆకలి కదిపింది. రష్యా జారు చక్రవర్తి భూమి ఇస్తానన్నాడు, మీ బిడ్డల్ని పటాలానికి ఎన్నటికీ అడగనన్నాడు. ఆ మాట నమ్మి ఒడెస్సా దగ్గర గడ్డిమైదానంలో గొయ్యి తవ్వుకుని ముత్తాత అందులో కాపురం పెట్టాడు. తాత ఆ గొయ్యి పూడ్చి ఇల్లు కట్టాడు. తండ్రి ఆ ఇంటి వెనక ద్రాక్షతోట వేశాడు. సరిగ్గా ద్రాక్షలు తియ్యనయ్యే వేళకు కొత్త జారు వచ్చి, పాత జారు మాటతో నాకేం పని, కుర్రాళ్ళను పంపండి అన్నాడు. ఒటీలియా, ఆమె భర్త కసిమిర్, కసిమిర్ తమ్ముడు రోకుస్, అతని భార్య ఫిలిపీనా ఈకల పరుపులు చుట్టి, పుచ్చగింజలు, పొద్దుతిరుగుడు గింజలు మూటగట్టి ఓడ ఎక్కారు. ఓడ దిగిన రోజే ఒటీలియా రేవులో నిలబడి చెప్పిందట: “ఇక నన్ను కదిపేవాడు పుట్టాలి.”

డకోటాలో ప్రభుత్వం భూమి ఊరికే ఇస్తుంది. కాకపోతే ఒక మెలిక పెట్టింది. ఎవరి పొలంలో వాళ్ళు ఇల్లు కట్టుకుని ఐదేళ్ళు అందులోనే కాపురం ఉండాలి. మా వాళ్ళకు ఈ మెలిక మింగుడుపడలేదు. రష్యాలో ఇళ్ళన్నీ ఊళ్ళో ఒకచోట ఉండేవి, పొలాలు ఊరి అవతల ఉండేవి. ఇక్కడ ఎవరి పొలం నడిమధ్య వాళ్ళు కూర్చుంటే పక్కింటామెతో పోట్లాడాలన్నా గుర్రం కట్టుకుని వెళ్ళాలి. అలా బతికితే చలికాలం సగమయ్యేసరికి మనిషి గోడతో మాట్లాడతాడు. గోడ జవాబు కూడా చెబుతుంది.

అందుకని మా వాళ్ళు ఒక ఉపాయం పన్నారు. నాలుగు పొలాలు కలిసేచోట ఎవరి మూలలో వాళ్ళు ఇల్లు కట్టుకుంటే చట్టమూ ఊరుకుంటుంది, ఊరూ ఏర్పడుతుంది. అలాంటి చోట సర్వేవాళ్ళు మట్టిదిబ్బ పోసి గుర్తు పెడతారని విన్నారు. వెతికారు. దిబ్బ కనబడింది. దాని చుట్టూ నాలుగు ఇళ్ళు లేచాయి. ఒకటి ఒటీలియాది, ఒకటి రోకుస్‌ది, మిగతా రెండూ ఇగ్నాట్స్ ష్వాన్‌దీ ఆయన మామగారిదీ. ఇంత తెలివైనవాళ్ళు చేసిన పొరపాటు ఒక్కటే. ఆ దిబ్బ పోసింది సర్వేవాళ్ళు కాదు, బ్యాడ్జర్. పందికొక్కుకు పెద్దన్నలాంటి ఆ జంతువు తన బొరియ కోసం తవ్విపోసుకున్న మట్టి అది.

మిగతా ముగ్గురూ దిబ్బకు ఎడంగా కట్టుకున్నారు కాబట్టి బతికిపోయారు. ఒటీలియా మాత్రం అందరికీ దగ్గరగా ఉంటుందని దిబ్బను ఆనుకునే కట్టించింది.

ఆ దగ్గరతనం వృథా పోలేదు. రెండో చలికాలంలో కసిమిర్‌కు ఊపిరితిత్తుల జ్వరం పట్టుకుంది. బయట మంచు తుఫాను, చాచిన చెయ్యి చాచినవాడికే కనబడదు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ కట్టిన తాడు పట్టుకుని ఫిలిపీనా పులుసు గిన్నె కోటు లోపల దాచుకుని వచ్చేది, పోయేది. కసిమిర్ కన్నుమూసినప్పుడు ఒక కన్ను ఒటీలియా మూసింది, ఇంకో కన్ను ఫిలిపీనా మూసింది. ఆ తర్వాత ఒటీలియా ఇద్దరు ఆడపిల్లల్ని వెంటేసుకుని దున్నింది, విత్తింది, కోసింది. పేడ ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పిడకలు గోపురంలా పేర్చింది. ఐదో ఏడు నడుస్తోంది. ఇంకొక్క పంట చేతికొస్తే పొలం ఆమె పేర శాశ్వతం.

సరిగ్గా అప్పుడు వెండెల్ ప్రూయిట్ దిగాడు.

ప్రూయిట్ రైలు స్టేషను ఊళ్ళో భూముల బేరగాడు. ఒటీలియా పొలంలో చలికాలంలోనూ గడ్డకట్టని ఊట ఒకటి ఉంది. దాని మీద అతని కన్ను. వేసవి మొదట్లో గొలుసు పట్టి భూమి కొలిచే సర్వేయరునూ భూముల ఆఫీసు అధికారినీ వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు కొలిచి, తవ్వి, అసలు మూలరాయిని బయటికి తీశారు. అది బ్యాడ్జర్ దిబ్బకు తూర్పున, ఒటీలియా ఇంటి తూర్పు గోడకు అవతల ఉంది. అంటే ఇల్లంతా రోకుస్ పొలంలో ఉంది.

వచ్చిన ఇంగ్లీషు ముక్కలతో దుబాసీ పని చేసేవాడు రోకుస్ ఒక్కడే. అధికారి చెప్పింది విని అతని ముఖం పాలిపోయింది.

“ఏమంటున్నాడు మరిదీ?” అంది ఒటీలియా.

“నీ పొలంలో నువ్వు ఒక్కరోజు కూడా లేవంటున్నాడు వదినా. ఐదేళ్ళూ మా పొలంలో ఉన్నావట.”

“అయితే ఇన్నాళ్ళూ మా ఇంటి చుట్టమన్నమాట!” అంది ఫిలిపీనా. “ముందే చెబితే మర్యాదలు చేసేదాన్నిగా అక్కా.”

ఒటీలియా నవ్వలేదు. ప్రూయిట్ వైపు తిరిగి ఒక మాట మొదలుపెట్టింది. అది జారుతో మొదలై, ప్రూయిట్ పుట్టుక మీదుగా, అతని గుర్రం దాకా వెళ్ళి ఆగింది. రోకుస్ అధికారికి వినయంగా రెండు ముక్కలు చెప్పాడు.

“నేనంతసేపు తిడితే నువ్వు రెండు ముక్కల్లో తేల్చేశావేంట్రా?”

“వాళ్ళ భాష పొట్టిది వదినా.”

అధికారి చెడ్డవాడేమీ కాదు. ఎండకు అలిసిన మనిషి. పొరపాటున జరిగింది కాబట్టి గడువిస్తానన్నాడు. గోధుమ కోతలు ముగిసేసరికి మళ్ళీ వస్తాను, అప్పటికి ఆమె తన పొలంలో తన ఇంట్లో పడుకుంటూ కనిపించాలి, లేకపోతే పొలం అడిగినవాళ్ళకు పోతుంది అన్నాడు. అడిగినవాడు పక్కనే చుట్ట కాలుస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే రోకుస్ సలహా మోసుకొచ్చాడు. ఊట దగ్గర చెక్క గది ఒకటి వేసుకుంటే రెండు రోజుల పని.

“చలికాలం నేనక్కడ చస్తే నా కన్ను ఎవరు మూస్తారు? ప్రూయిట్టా?”

రోకుస్ టోపీ చేతిలోకి తీసుకుని దాని అంచు తిప్పుతూ కూర్చున్నాడు.

“పొలమూ వదలను, మూలా వదలను,” అంది ఒటీలియా. “మా వాళ్ళను ఆకలి కదిపింది, జారు కదిపాడు. ఈసారి కదిపేది నేను. కదిలేది ఇల్లు. ఈ తూర్పు గోడ అవతల ఇంకో గది కడతాను. ఇల్లు ఇక్కడే ఉంటుంది, నా మంచం నా పొలంలో ఉంటుంది.”

గొయ్యి తవ్వి, పసుపు మట్టి పోసి, గడ్డి కలిపి, గుర్రాలతో తొక్కించారు. గుర్రాల వెనక ఆడపిల్లలిద్దరూ మోకాళ్ళదాకా పావడాలు ఎగగట్టి తొక్కారు. ఒటీలియా చెక్క అచ్చులో ఇటుకలు పోస్తుంటే మైదానం మీద అవి వరసలు వరసలుగా రష్యా దాకా పరుచుకున్నాయని రోకుస్ అంటాడు. ఎండితే చాలు. అప్పుడు వాన పడింది. డకోటాలో కోతల కాలంలో పడని వాన ఆ ఏడే పడింది. చినుకులు కోడిగుడ్లంత. మూడు రోజులు తెరిపివ్వలేదు. తెల్లారి చూస్తే ఇటుకలు లేవు, గంజి ఉంది.

మళ్ళీ పోస్తే ఎండేసరికి గడువు దాటిపోతుంది. బురదలో బండి తోలుకుంటూ ప్రూయిట్ వచ్చి, తీరిగ్గా టోపీ ఎత్తాడు.

“కోతలు బాగా సాగుతున్నాయట కదా అని అడుగుతున్నాడు,” అన్నాడు రోకుస్.

ఒటీలియా పార తీసుకుంది. ప్రూయిట్ గబుక్కున కళ్ళేలు అందుకున్నాడు. కానీ ఆమె అతని వైపు రాలేదు. తన ఇంటి పడమటి గోడ దగ్గరికి వెళ్ళి, పైవరస ఇటుక సందులో పార దింపి పెకలించింది.

“వదినా! పిచ్చెక్కిందా?”

“ఎండిన ఇటుకలు కావాలా వద్దా?”

“కావాలి. అయితే మాత్రం?”

“ఇవి ఐదేళ్ళుగా ఎండుతున్నాయి. మాట్లాడకుండా పట్టుకో.”

ఆ ఇల్లు రెండు గదులు, ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా. ఆమె పడమటి గది విప్పి తూర్పున కట్టడం మొదలుపెట్టింది, తోక కోసి తలకు అతికించినట్టు. పగలు కోతలు, ఎండ వాలాక గోడలు. ష్వాన్‌ల ఆడవాళ్ళు వచ్చారు. ఫిలిపీనా చీటికీమాటికీ “నా పొలంలో ఇటుకలు దొంగిలిస్తున్నారు బాబోయ్!” అని కేకలు పెడుతూ అందరికంటే ఎక్కువ మోసింది. పాత గది దూలమే కొత్త గదికి దూలమైంది. తూర్పు గోడలో ఉన్న పొయ్యికి వెనక నుంచి కన్నం కొట్టి నోరు ఇటు తిప్పారు.

అధికారి చెప్పినదానికంటే రెండు రోజులు ముందే వచ్చాడు. ముందే ఎందుకొచ్చాడో ప్రూయిట్‌నే అడగాలి. దారిలో బండి దుమ్ము కనిపించగానే రోకుస్ పరుగెత్తుకొచ్చాడు. మూడు గోడలు లేచాయి, చివరిది ఆ ఉదయమే పూర్తయింది, పూత తడి మెరుస్తోంది. కప్పు సగమే పడింది. గుమ్మానికి తలుపు లేదు, ఈకల దుప్పటి వేలాడుతోంది. ఇంకో దుప్పటి మంచం మీద ఉంది. మిట్టమధ్యాహ్నం ఆ దుప్పటి కింద, తలకు గుడ్డ కట్టుకుని, ఒటీలియా పడుకుని ఉంది. దుప్పటి అంచున బూట్లు కనబడుతున్నాయి.

“పట్టపగలు ఈమె పడుకుందేమిటని అడుగుతున్నారు,” అన్నాడు రోకుస్.

“నా పొలంలో నేను పడుకోవాలని ఎవరన్నారు? ఆయనే కదా! పడుకున్నాను. చూసుకోమను.”

అధికారి మూలరాయి నుంచి అడుగులు వేసుకుంటూ వచ్చి మంచం దగ్గర ఆగాడు. మంచం నాలుగు కోళ్ళూ ఆమె పొలంలోనే ఉన్నాయి. పొయ్యిలో పిడకలు మండుతున్నాయి. ఫిలిపీనా కుండలో పిండి ముద్దలు వదులుతూ కూర్చుంది. అధికారి ముక్కు రెండుసార్లు కుండ వైపు తిరిగింది.

ప్రూయిట్ మాత్రం బయట నవ్వుతున్నాడు. “ఇది ఇల్లా? పిడకల గూడు. చేత్తో తోస్తే పడిపోతుంది.”

రోకుస్ ఆ మాట మింగేద్దామనుకున్నాడు.

“ఏమన్నాడు?” అంది ఒటీలియా. “ఉన్నదున్నట్టు చెప్పు.”

చెప్పాడు.

“అయితే తొయ్యమను. గోడ పడితే పొలం ఆయనది. పడకపోతే మళ్ళీ ఈ మూల మీద కనబడొద్దను.”

“వదినా, వద్దు.”

“చెప్పు మరిదీ. పొట్టిగా కాదు, పూర్తిగా.”

రోకుస్‌కు తెలుసు, ఆ గోడ పొద్దున కట్టింది. ఐదేళ్ళ చెమట, అన్న సమాధి, నాలుగిళ్ళ మూల, అన్నీ ఆ తడి మట్టి మీద ఆనుకుని ఉన్నాయి. అయినా పూర్తిగా చెప్పాడు. అధికారి ఆపబోయాడు గానీ ప్రూయిట్ అప్పటికే కొత్త కోటుతో భుజం ఆనించాడు. తోశాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. మళ్ళీ తోశాడు. రోకుస్ కళ్ళు మూసుకుని మేరీమాతను తలుచుకున్నాడు. గోడ కొండలా కూర్చుంది. కదల్లేదు, మెదల్లేదు. ఇవతలికొచ్చిన ప్రూయిట్ కోటు భుజం నుంచి మోచేతిదాకా పసుపు మట్టి, అతని భుజం అచ్చు మాత్రం గోడ మీద చక్కగా పడింది. అధికారి నోరు తుడుచుకుని, ఇది ఇల్లే అన్నాడు. అన్నాక గిన్నెడు పిండి ముద్దలు తిన్నాడు.

ప్రూయిట్ మళ్ళీ ఆ దారిన రాలేదు. అతని భుజం అచ్చు మీద ఒటీలియా ఎన్నడూ పూత పూయనివ్వలేదు. పడమట మిగిలిన మొండి నేలను ఫిలిపీనా కోళ్ళు ఆక్రమించుకున్నాయి. ఇల్లు మాత్రం ఆ తర్వాత ఏటేటా తూర్పుగా పెరిగింది.

ఒటీలియా పెద్ద కూతురి పెళ్ళిలో రోకుస్ రెండు గ్లాసులు పట్టించాక లేచి నిలబడ్డాడు. ఇల్లు ఎలా లేచిందో, ఎలా నడిచిందో, కోడి గుడ్ల మీంచి కదలకుండా ఎలా కూర్చుందో, ప్రూయిట్ ఆరు గుర్రాలు కట్టి లాగినా గోడ ఎలా ఆవలించి ఊరుకుందో అంతా చెప్పాడు. పెళ్ళికొడుకు తరపువాళ్ళు నోళ్ళు తెరిచారు. వాళ్ళలో ఒక ముసలాయన ఒటీలియా వైపు వంగి, నిజమేనా అమ్మా అని అడిగాడు.

ఆమె పొద్దుతిరుగుడు గింజ కొరికి, తొక్క పక్కకు ఉమ్మింది.

“ఇల్లు నడవలేదు. పడమటి గది విప్పి తూర్పున కట్టాం. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది, అందుకే మంచం గోడకు ఆనించి వేశాను. వాడు బయట తోస్తుంటే లోపల్నుంచి నేను కాళ్ళతో తన్నిపట్టాను. బూట్లు అందుకే విప్పలేదు.”