మంగతాయారు వెనక్కి తెచ్చిన రాయి

మంగతాయారు మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్లో దోసెలు పోస్తుంది. సొంతూరు రేపల్లె దగ్గర. మెల్‌బోర్న్ వచ్చి పదకొండేళ్లు. మనిషి మంచిది, చెయ్యి మంచిది, నోరు మాత్రం లేదు.

నాలుగేళ్ల కిందట కూతురు హరిప్రియ, అల్లుడు వంశీధర్ ఆవిణ్ణి ఉలూరు చూపించడానికి తీసుకెళ్లారు. ఎడారి మధ్యలో ఒక్కటే ఎర్ర కొండ. అక్కడి ఆదివాసీలకు అది పవిత్రమైన చోటు. మంగతాయారు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది. తిరిగొచ్చేటప్పుడు పిడికెడంత ఎర్ర రాయి ఒకటి ఏరి సంచిలో వేసుకుంది. ఇంటికొచ్చి దేవుడి అరలో పెట్టి, పసుపు రాసి, మూడు బొట్లు పెట్టింది. మనవాళ్లు తప్ప ఈ పని ఇంకెవరూ చెయ్యరు.

ఆ ఏడే హరిప్రియకి ఐదో నెలలో కడుపు పోయింది. అక్కణ్ణుంచి రాయి ఎత్తుకొస్తే కీడు జరుగుతుందని వంశీధర్ ఎక్కడో చదివాడు. ఇంక అంతే. ఇప్పుడు మళ్లీ కానుపై, పాపకి మూడు నెలలు నిండాయి. చూద్దామని మంగతాయారు క్లైడ్ నార్త్‌లో కూతురింటికి వెళ్తే అల్లుడు గుమ్మంలోనే ఆపేశాడు.

"అత్తయ్యా, ఆ రాయి ఇచ్చేసి రండి. పోస్టులో కాదు, మీ చేత్తో. అప్పటిదాకా పాప దగ్గరికి రావద్దు."

హరిప్రియ లోపలే ఉంది. బయటికి రాలేదు.

అందుకని మంగతాయారు సెలవు పెట్టి మళ్లీ ఉలూరు బయల్దేరింది. తోడుగా వంటింట్లో కలిసి పనిచేసే సీతారావమ్మ వచ్చింది. విమానం దిగగానే ఈగలు. మొహానికి ఈగల వల తగిలించుకుని సీతారావమ్మ ఒకటే నవ్వు.

"ఏమే మంగా, మనవరాలిని చూడ్డానికి రాయి వీసా అడిగిన అల్లుణ్ణి నీ దగ్గరే చూశానే!"

"ఊరుకో వదినా. ఇది ఇచ్చేస్తే ఆదివారం పాపని ఎత్తుకుంటా."

కొండ దగ్గర ఆదివాసీల సాంస్కృతిక కేంద్రం ఉంది. రాళ్లు ఎత్తుకెళ్లినవాళ్లు క్షమించమని రాసి పంపిన ఉత్తరాలు ఒక పుస్తకంలో పెట్టారు. అది చూసి మంగతాయారుకి కళ్లనీళ్లు ఆగలేదు. బల్ల వెనక కూర్చున్న అక్కడి పెద్దావిడ ముందు రాయి పెట్టి చేతులు జోడించింది.

"సారీ మేడం. ఫోర్ ఇయర్స్ బ్యాక్ ఐ టేక్. డైలీ పూజ ఐ డూ."

ఆవిడ రాయి తిప్పి చూసింది. పసుపు గోటితో గీకి చూసింది. ఎక్కడ ఏరావని అడిగింది. అప్పుడు దిగిన రిసార్టు కార్ పార్కింగ్ పక్కనని మంగతాయారు చెబితే సీతారావమ్మ ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడకి నవ్వాగలేదు. పక్కనున్నామెని పిలిచి మరీ చూపించింది. అది రిసార్టువాళ్లు మొక్కల చుట్టూ పోసిన రాయట. ఎక్కణ్ణుంచో లారీలో వచ్చిందట. కొండది కాదు, తీసుకుపొమ్మంది.

మంగతాయారు బయటికి పరుగెత్తి అల్లుడికి ఫోన్ చేసింది.

"బాబూ! అది కొండ రాయి కాదంట! కార్ పార్కుదంట! నేనే తప్పూ చెయ్యలేదు బాబూ!"

అవతల పాప ఏడుపు వినబడింది.

"అంటే రాయి వల్ల కాదన్నమాట."

"కాదు బాబూ, కాదు!"

"అయితే మీ వల్లే అత్తయ్యా. రాయైతే ఇచ్చేసి రమ్మన్నాం. మిమ్మల్ని ఎక్కడ ఇచ్చి రమ్మంటాం చెప్పండి?"

వెనక నుంచి హరిప్రియ గొంతు: "ఫోన్ పెట్టెయ్యండి, పాపకి పాలు పట్టాలి."

"ఏమన్నాడే?" అని సీతారావమ్మ అడిగింది. మంగతాయారు గబగబా లోపలికెళ్లి మళ్లీ బల్ల మీద రాయి పెట్టింది.

"ప్లీజ్ మేడం. యువర్ స్టోన్ అని సే. సన్-ఇన్-లాకి ఫోన్‌లో వన్ టైమ్ సే."

పెద్దావిడ ఇప్పుడు నవ్వలేదు. "మా కొండ గురించి నేను అబద్ధం చెప్పను," అంది. మంగతాయారు తల ఊపి, రాయి అక్కడే వదిలేసి గుమ్మం దాకా వెళ్లింది.

ఆవిడ బల్ల దగ్గర్నుంచి లేచి వెనకాలే వచ్చింది. మంగతాయారు చెయ్యి పట్టుకుని, గుప్పిట తెరిచి, రాయి అందులో పెట్టి మూసింది.

"ఇది నీదే," అంది.