గంజి పెట్టిన చొక్కా

మా అక్క కూతురి కేడెట్ చొక్కా ఇస్త్రీ చేస్తుంటే గంజి వాసన గుప్పుమంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

తెలంగాణ ఉద్యమం రోజులు. బడిలో కొత్తగా కేడెట్‌గా చేరి, మొదటి పరేడ్ అయ్యాక టోపీ కూడా తీయకుండా ఇంటికి వస్తున్నాను. ఖాకీ వేసుకుంటే పోలీసు అయిపోయినట్టేనని నా నమ్మకం. జఫర్‌గఢ్ రోడ్డు మీద వంటా వార్పు జరుగుతోంది. ఊరి ఆడవాళ్ళు రాళ్ళపొయ్యిల మీద అన్నం వండుతూ దారి ఆపేశారు. వాళ్ళలో మా నాయినమ్మ కూడా ఉంది.

"లేవుండ్రి!" అని గొంతు మార్చి అరిచాను.

చూపు ఆనని నాయినమ్మకు ఖాకీ ఒక్కటే కనిపించింది. "లేస్తున్న సారూ, కొట్టకుండ్రి," అంటూ ఉడుకుతున్న గిన్నెను కొంగుతో ఎత్తింది. గంజి చేతిమీద ఒలికింది.

నేనేనని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ "సారూ" ఎంత బాగుందో! ఇంకాసేపు అలాగే నిలబడ్డాను.

పక్కామె నవ్వింది. "గది నీ మనుమరాలే!"

"అవునా! అచ్చం పోలీసోళ్ళ తీరుగనే ఉన్నది," అని నాయినమ్మ మురిసిపోయింది.

వారం తిరిగేసరికి మళ్ళీ పరేడ్. నా చొక్కాకు గంజి పెట్టింది ఆమే. బొబ్బలెక్కిన చేతిని పక్కకు పెట్టుకుని, రెండో చేత్తో.